సాయంత్రం నాలుగింటి మీటింగ్

మ్యూనిక్‌లో ఉద్యోగం మొదలుపెట్టి ఆరేళ్లయింది. సాయంత్రం నాలుగింటికి హైదరాబాద్ టీమ్‌తో మీటింగ్, మిగిలిన పని వాళ్లకి అప్పజెప్పడం, ఐదింటికల్లా ట్రామ్ ఎక్కడం. టైమ్ మేనేజ్‌మెంట్ నాకు బాగానే వచ్చిందనుకునేదాన్ని.

పోయిన డిసెంబరులో సెలవు పెట్టి మియాపూర్‌లో తమ్ముడింటికి వచ్చాను. వాడిదీ సాఫ్ట్‌వేరే. కంపెనీ వేరు, క్లయింట్లు మాత్రం జర్మనీవాళ్లే. వచ్చిన రోజు రాత్రి ఎనిమిదిన్నరకి మరదలు అందరికీ వడ్డించి, తమ్ముడి కంచం మీద ఇంకో కంచం బోర్లించింది. వాణ్ణి పిలవబోతుంటే ఐదేళ్ల మేనకోడలు నోటి మీద వేలేసుకుని, "అత్తా, నాన్నకి మీటింగ్" అంది గుసగుసగా. వాడు గదిలోంచి బయటికొచ్చేసరికి పదయింది. పిల్ల నిద్రపోయింది. పప్పు గట్టిపడిపోయింది.

"రోజూ ఇంతే వదినా. అక్కడివాళ్లకి అప్పుడు సాయంత్రం నాలుగేనట కదా" అంది మరదలు, పప్పు మళ్లీ వేడిచేస్తూ.

నాకు ముద్ద దిగలేదు. చలికాలంలో రెండు ఊళ్లకీ నాలుగున్నర గంటల తేడా, ఎండాకాలంలో మూడున్నర. అది నాకు తెలియనిది కాదు. నా మీటింగ్ వేళకి ఇక్కడ ఎన్ని కంచాలు మూతపడి ఉంటాయో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

జర్మనీలో పని గంటల చట్టం 1994లో వచ్చింది. మామూలుగా రోజుకి 8 గంటలు. తర్వాత సర్దుబాటు చేస్తే 10 దాకా వెళ్లొచ్చు. ఇవాళ పని ఆపాక మళ్లీ మొదలుపెట్టడానికి 11 గంటల విరామం ఉండాలి. మంచి చట్టం, నా ఆరోగ్యాన్ని నిలబెట్టింది కూడా. కానీ నేను ఐదింటికి దించుకున్న బరువు హైదరాబాద్‌లో ఇంకొకరి రాత్రి మీద పడుతోంది. అక్కడిదాకా ఆ చట్టం రాదు.

తిరిగెళ్లగానే మీటింగ్‌ని పొద్దున తొమ్మిదింటికి మార్పించాను. అప్పుడు హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మా ఆఫీసులో ఒకరిద్దరు ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. సాయంత్రం మాట్లాడే బదులు మూడు ముక్కలు రాసి పంపుతున్నాను: ఏది అయింది, ఏది ఆగింది, ఏది రేపటిదాకా ఆగొచ్చు. అన్నిటికన్నా పనికొచ్చింది ఆ మూడోదే. ముందు నేను అన్నిటికీ అర్జెంట్ అని రాసేదాన్ని, వాళ్లు అన్నిటికీ మేలుకునేవాళ్లు. "ఈ ముక్క రాస్తే చాలండీ, మేం పడుకుంటాం" అన్నాడు అక్కడి టీమ్ లీడ్. కొత్త సాఫ్ట్‌వేర్ బయటికి వదిలే రిలీజ్ వారంలో మాత్రం రాత్రి కూర్చోక తప్పట్లేదు. అలా కూర్చున్నవాళ్లు మర్నాడు మధ్యాహ్నం వస్తే చాలని రాతపూర్వకంగా ఒప్పించాను.

తమ్ముడు కూడా వాళ్ల క్లయింటుని అడిగాడు. వారానికి రెండు రోజులే ఒప్పుకున్నారు, మంగళ, గురువారాలు. ఆ రెండు రోజులూ మ్యూనిక్ టైము నాలుగింటికి మేనకోడలు వీడియో కాల్ చేస్తుంది. ఆ టైముకి ఇప్పుడు నాకూ మీటింగ్ లేదు. ఫోను తండ్రి కంచం వైపు తిప్పి, "చూడత్తా, నాన్న తింటున్నాడు" అంటుంది.