గువ్వల జత ధర

క్రిస్మస్ కథలో మనం త్వరగా దాటిపోయే వచనం ఒకటుంది. లూకా సువార్త రెండో అధ్యాయం, 24వ వచనం. అప్పటికి గొల్లలు వచ్చి వెళ్లారు, శిశువుకు యేసు అని పేరు పెట్టారు. శుద్ధి దినాలు గడిచాక తల్లిదండ్రులు ఆయనను యెరూషలేముకు తీసుకువెళ్లారు, "గువ్వల జతనైనను రెండు పావురపు పిల్లలనైనను" బలిగా సమర్పించడానికి. నక్షత్రం మీద, పశువుల తొట్టి మీద, బంగారం సాంబ్రాణి బోళం మీద ప్రతి డిసెంబరులో ప్రసంగాలు వింటాం. ఈ రెండు పక్షుల గురించి వినడం అరుదు.

వాటి వెనుక ఉన్న నియమం లేవీయకాండం పన్నెండో అధ్యాయంలో కనిపిస్తుంది. మగబిడ్డను కన్న తల్లి నలభై రోజులు నిండాక ఏడాది గొర్రెపిల్లను, దానితోపాటు ఒక గువ్వనో పావురపు పిల్లనో యాజకుని దగ్గరకు తేవాలి. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేకపోతే రెండు గువ్వలు చాలు. మరియ తెచ్చింది ఈ రెండో రకం కానుక. ఆ ఇంటి ఆర్థిక స్థితి ఏమిటో లూకా విడిగా చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు. శిశువుకు బంగారం తెచ్చిన జ్ఞానులు ఆ తర్వాతే వచ్చి ఉంటారని చాలామంది వ్యాఖ్యాతలు అనడానికి ఇదీ ఒక కారణం. బంగారం అప్పటికే చేతికి అంది ఉంటే ఆ తల్లి గొర్రెపిల్లనే తెచ్చేది.

అదే గ్రంథం ఐదో అధ్యాయంలో ధర్మశాస్త్రం ఇంకో మెట్టు కిందికి దిగుతుంది. పాపపరిహారం కోసం గొర్రెను తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అవి కూడా తేలేనివాడు తూమెడు పిండిలో పదో వంతు తెస్తే చాలు. ఆ పిండి మీద నూనె పోయకూడదు, సాంబ్రాణి వేయకూడదు. యాజకుడు అందులోంచి పిడికెడు తీసి బలిపీఠం మీద దహిస్తాడు. గొర్రె తెచ్చినవాడికి ఏ క్షమాపణ దొరుకుతుందో, పిండి తెచ్చినవాడికీ అదే దొరుకుతుంది. ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. దేవుడు పేదవాడి గుమ్మం దాకా వచ్చి, ఇంట్లో ఏముందో చూసి, దానికి సరిపడేలా ఆరాధన కొలతను తగ్గించాడు.

బజారుకు ఇలాంటి కొలతలు ఉండవు. డిసెంబరు వచ్చిందంటే విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల దుకాణాల ముందు కాగితపు నక్షత్రాలు వేలాడతాయి, బేకరీల్లో కేకుల డబ్బాలు మెట్ల దాకా పేర్చి ఉంటాయి. దసరా, దీపావళి అప్పుడే అయ్యాయి. క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి వరసగా వస్తున్నాయి. తగ్గింపు ధరల బ్యానరు మీద పండుగ పేరు ఒక్కటే మారుతుంది. దుకాణదారుల మీద నాకు కోపం లేదు. ఈ రెండు నెలల అమ్మకాల మీదే ఏడాది అద్దె కట్టుకునే చిన్న వ్యాపారులు, అర్ధరాత్రి దాకా మిషను తొక్కే దర్జీలు నాకు తెలుసు, వారిలో మా సంఘంవారూ ఉన్నారు. నా బాధ వేరే చోట ఉంది.

మా ఊరు పట్టణానికి దగ్గరే. మా సంఘంలో ఎక్కువమంది కూలి పనుల మీద బతికేవారు. ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఎవరి ఇంటి పిల్లలు రాకపోయినా నాకు తెలిసిపోతుంది. ఒక క్రిస్మస్ రోజున ఆరాధనకు రాని ఒక తల్లిని చూడడానికి మర్నాడు వాళ్ల ఇంటికి వెళ్లాను. గుమ్మం పక్కన దండెం మీద ఆమె ఆదివారాలు కట్టుకునే చీర ఆరేసి ఉంది. అరిగిపోయిన అంచును వేరే రంగు దారంతో సన్నగా, ఎంతో ఓపికగా కుట్టుకుంది. ఎందుకు రాలేదని అడిగితే, "ఒంట్లో బాగానే ఉంది అప్పా. అందరూ ఒకే రంగు చీరలు కట్టుకుని నిలబడతారు కదా, నాకు ఈసారి కుదరలేదు. మధ్యలో నేనొక్కదాన్నీ వేరేగా ఉంటే ఏం బాగుంటుంది?" అంది. ఆ ఏడాది పాటల బృందంలోని స్త్రీలంతా నీలం రంగు చీరలు కట్టుకోవాలని అనుకున్నారు. ఎవరూ చెడు ఉద్దేశంతో అనుకున్నది కాదు. అయినా ఆమెను గుమ్మం లోపలే ఆపేసింది బజారు కాదు, దేవుని మందిరంలో జరిగిన తీర్మానం.

గువ్వల ధర గురించి యూదుల పాత ధర్మబోధల సంకలనమైన మిష్నాలో ఒక ఉదంతం ఉంది. ఒకప్పుడు యెరూషలేములో గువ్వల జత ఒక బంగారు దీనారం పలికింది. బంగారు దీనారమంటే 25 వెండి దీనారాలు. మత్తయి సువార్తలోని ద్రాక్షతోట ఉపమానం ప్రకారం ఒక వెండి దీనారం ఒక రోజు కూలి. అంటే పేదరాలి కోసమని దేవుడు తగ్గించిన కానుకకు దాదాపు నెల కూలి పోయవలసి వచ్చింది. అప్పుడు రబ్బాన్ షిమ్యోను బెన్ గమలీయేలు అనే బోధకుడు, వీటి ధర ఒక వెండి దీనారానికి దిగేదాకా ఈ రాత్రి నిద్రపోనని ఆలయం మీద ఒట్టు పెట్టుకున్నాడు. సభలోకి వెళ్లి ఇలా బోధించాడు: ఒక స్త్రీకి ఐదు కాన్పుల బలులు బాకీ ఉన్నా ఒక్క బలి తెస్తే చాలు, మిగతావి ఆమె మీద బాధ్యతగా ఉండవు. ఆ రోజే గువ్వల ధర వెండి దీనారంలో పావు వంతుకు పడిపోయింది. అపొస్తలుడు పౌలు ఎవరి పాదాల దగ్గర చదువుకున్నాడో ఆ గమలీయేలుకు ఈయన కుమారుడని పండితులు చెబుతారు.

ఈ ఉదంతాన్ని నేను పదేపదే తలచుకుంటాను. ఆయన గువ్వలు అమ్మేవారిని తిట్టలేదు, ధరల పట్టిక వేలాడదీయలేదు. కొనవలసిన తల్లులతో "ఇంత అక్కరలేదమ్మా" అన్నాడు. ఆ మాట అనగలిగే అధికారం ఉన్నవాడు అన్నాడు కాబట్టి ధర దిగింది. మతపెద్దల నోటి మాటకు అంత బలం ఉంది.

యోహాను సువార్త రెండో అధ్యాయంలో యేసు దేవాలయంలోకి వెళ్లిన రోజు కూడా గువ్వలు ఉన్నాయి. దూరాల నుంచి వచ్చే భక్తులకు అక్కడి అమ్మకాలు సౌకర్యమే. మచ్చలేని జంతువును దారి పొడవునా తోలుకు రానక్కరలేదు. ఆయన గొర్రెలను, ఎడ్లను తోలివేశాడు, రూకలు మార్చేవారి నాణేలు చల్లివేశాడు, బల్లలు పడదోశాడు. పావురాలు అమ్మేవారి దగ్గరకు వచ్చేసరికి మాటతో చెప్పాడు: "వీటిని ఇక్కడనుండి తీసికొనిపొండి, నా తండ్రి యిల్లు వ్యాపారపుటిల్లుగా చేయకుడి." ముప్పై ఏళ్ల కిందట తన తల్లి చేతుల్లో ఉన్నవి అలాంటి పక్షులే. ఆయన ఊరి సంతకు వెళ్లి అంగళ్లు పడదోయలేదు. కొరడా పట్టింది తండ్రి యింట్లోనే. క్రిస్మస్‌ను వ్యాపారులు పాడు చేస్తున్నారని మనం బజారు వైపు వేలు చూపించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పండుగ మీద వ్యాపారం చేయి వేయడం ఇవాళ కొత్త కాదు, ఒక్క మతానికి పరిమితమూ కాదు. క్రిస్మస్ శుభాకాంక్షల కార్డు 1843లోనే లండన్‌లో అమ్మకానికి వచ్చింది. క్రిస్మస్ కొనుగోళ్లకు ఇంకో వారం కలిసివస్తుందని 1939లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కృతజ్ఞతా పండుగనే వారం ముందుకు జరిపాడు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు, చివరికి 1941లో చట్టం చేసి నవంబరు నాలుగో గురువారంగా స్థిరపరిచారు. తల్లుల దినోత్సవం కోసం పోరాడి సాధించిన అన్నా జార్విస్, 1914లో ప్రభుత్వ గుర్తింపు వచ్చాక, పూలవారూ కార్డులవారూ ఆ రోజును పట్టుకుపోయారని మిగిలిన జీవితమంతా వారితో పోరాడింది. మన దగ్గర అక్షయ తృతీయకు బంగారం కొనకపోతే ఏదో లోటు జరుగుతుందన్నట్టు ప్రకటనలు భయపెడుతున్నాయి. దానం చేయవలసిన తిథి కొనవలసిన తిథి అయిపోయింది.

శాంతాక్లాజ్ వెనుక ఉన్న మైరా పట్టణపు బిషపు నికొలాసు సంగతీ ఇంతే. నాలుగో శతాబ్దపు మనిషి. ముగ్గురు కూతుళ్లకు కట్నం ఇవ్వలేని తండ్రి ఇంట్లోకి రాత్రివేళ, ఎవరిదో తెలియకుండా, బంగారం మూట విసిరాడని సంప్రదాయం చెబుతుంది. పుచ్చుకునేవాడు తలదించుకోకూడదని ఆయన చీకట్లో ఇచ్చాడు. ఆయన పేరు మీద ఇప్పుడు ఇచ్చే బహుమతులు నలుగురూ చూడడానికే ఉన్నాయి.

మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం జరుగుతుంది. పూజారి కూర్చునే పొడవాటి మాను, సిరిమాను, ముందు సాగే ఊరేగింపులో బెస్తవారి వలకు స్థానం ఉంటుంది. అమ్మవారి విగ్రహాన్ని చెరువులోంచి బయటికి తీసింది వారే అన్న గౌరవంతో. నా విశ్వాసం వేరు. కానీ రోజూ చేపలు పట్టుకునే వలను ఉత్సవం నడిబొడ్డున నడిపించే ఆ ఏర్పాటు చూసినప్పుడు మనసు నిండుతుంది. ఆ వలను తెచ్చినవారిని కొత్త బట్టల లెక్క ఎవరూ అడగరు.

మాకూ అలాంటిది ఒకటుంది. పిడికెడు బియ్యం. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన పెట్టి, వారమంతా కూడినవి ఆదివారం కొంగున కట్టి తెచ్చి, మందిరంలోని రేకు డబ్బాలో పోస్తారు. కొత్త బియ్యం, పాత బియ్యం, రేషను బియ్యం అన్నీ అందులో కలిసిపోతాయి. ఆ కలగలుపు బియ్యం అన్నం వండితే కొంత మెత్తబడుతుంది, కొంత పలుకుగా మిగులుతుంది. అందుకే క్రిస్మస్‌కు దాన్ని నానబెట్టి, పిండి పట్టించి, బెల్లంతో పొంగడాలు వేయిస్తాం. ఏ పొంగడం ఎవరి ఇంటి బియ్యమో ఎవరూ చెప్పలేరు. పండుగంటే ఆనందం, ఆనందానికి తీపి ఉండాలి, అందులో నాకు అనుమానం లేదు. బైబిల్లోని నెహెమ్యా కూడా ప్రజలతో మధురమైనవి తాగమన్నాడు, ఆ వాక్యంలోనే తమ కోసం ఏమీ సిద్ధం చేసుకోనివారికి వంతులు పంపమన్నాడు.

ఈ ఏడాది సంఘ పెద్దల కూటంలో నేను అడగబోయేది ఒక ప్రకటన. పాటల బృందానికి ఒకే రంగు చీరలు అక్కరలేదని, పిల్లల నాటికకు అద్దె దుస్తులు వద్దని, కొత్త బట్టలు లేకపోయినా ఉతికిన బట్టలతో అందరూ రావాలని మా పాస్టరు అయ్యగారే తన నోటితో చెప్పాలి. నక్షత్రాన్ని పిల్లలు వెదురుబద్దలతో కట్టుకుంటారు, దానికి మా ఊళ్లోనే ఓపిగ్గా నేర్పే పెద్దవారున్నారు. యువకులు దీపాల తోరణాలు కావాలంటున్నారు, కట్టుకోనివ్వండి, అవి ఎవరినీ ఇంట్లో ఆపవు. కానీ ఆ ప్రకటన డిసెంబరులో చదివితే లాభం లేదు. అప్పటికే చీటీలు పాడుకుని, అప్పులు తెచ్చుకుని ఉంటారు. అక్టోబరులోనే, బట్టల మాట ఎవరూ ఎత్తకముందే, ప్రసంగ వేదిక మీద నుంచి రెండు ఆదివారాలు వరసగా చదవాలి.