పాత నోట్ల ఆల్బమ్‌తో చెక్‌పోస్టు దాటిన వైనం

నిన్న రాత్రి ఇల్లు చేరాను గానీ ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు పాత నోట్లు కొని ఊరు దాటించే వాళ్లెవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

కొనడం సులువుగానే అయింది. గుంటూరు బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ మాస్టారు తన తండ్రిగారి ఆల్బమ్ అమ్ముతానన్నారు. కాఫీ ఇచ్చారు, బేరం కుదిరింది, ఫోన్‌లో డబ్బు పంపేశాను. నా కన్నంతా ఒక్క నోటు మీదే. ఐదో జార్జి బొమ్మతో 1917 నాటి రూపాయి నోటు, దాని మీద అప్పటి అధికారి డెన్నింగ్ సంతకం. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చి, వెండి రూపాయి బదులు దింపిన కాగితం అది. 25 నోట్లు కలిపి పుస్తకంలా కుట్టి ఇచ్చేవారట. దీని ఎడమ అంచున చింపిన గరుకు ఇప్పటికీ వేలికి తగులుతుంది. వెనకవైపు ఎనిమిది భాషల్లో మన తెలుగూ ఉంది. బెజవాడలో ఇంత శుభ్రమైన నోటు నాకు తెలిసి ఇద్దరి ముగ్గురి దగ్గరే ఉంది. ఇప్పుడు వాళ్ల సరసన నేనూ చేరాను.

మిగతా పేజీల్లో ఆరో జార్జి నోట్లు, నిజాం ఉస్మానియా సిక్కా నోట్లు, తంజావూరు గుడి బొమ్మతో 1978లో రద్దయిన వెయ్యి నోటు. ఆఖరి పేజీల్లో 2016లో రద్దయిన ఐదొందలు, వెయ్యిలు. గొడవంతా ఆ ఆఖరి పేజీలే తెచ్చాయి.

దారిలో చెక్‌పోస్టు దగ్గర కారు ఆపి బ్యాగు విప్పమన్నారు. ఆల్బమ్ తిరగేసిన కానిస్టేబుల్ "సార్, ఇటు రండి, పాత నోట్ల బ్యాచ్!" అని గంజాయి పట్టుకున్నంత సంబరంగా అరిచాడు. ఎస్సై మా అబ్బాయికన్నా చిన్నవాడు. "ఏం పెద్దాయనా, ఎంత కమిషన్‌కి మారుస్తున్నావ్?" అన్నాడు. వీడియో తీసే కుర్రాడు కెమెరా నా మొహం మీదే పెట్టాడు.

నోట్లు కవర్లలోంచి లాగి, కారు బానెట్ మీద పరిచి లెక్క మొదలెట్టారు. కానిస్టేబుల్ వేలు నాలిక మీద అద్దుకుని మరీ లెక్కపెడుతున్నాడు! "బాబూ, ఉమ్మి తగిలించకయ్యా" అంటే, "నోట్లు లెక్కపెట్టడం నువ్వు నేర్పుతావా?" అని విసుక్కున్నాడు. 1917 నోటున్న పేజీ మాత్రం గుండెకి హత్తుకుని నిలబడ్డాను. అదే సమయానికి వెనక ఆగిన బస్సు కిటికీలోంచి మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ తల బయటపెట్టి చూశాడు.

వాళ్లు నింపే కాగితంలో 'నగదు మొత్తం' అని ఒక గడి ఉంది. నోట్ల మీద అచ్చయిన విలువ కూడితే పదహారు వేల చిల్లర. నేను కొన్న ధర యాభై వేలు దాటింది, ఎన్నికల కోడ్‌లో నగదు అంతకు మించితే ఆధారాలు చూపించాలి. ఎస్సై అడిగాడు: "ఇది డబ్బా, కాదా? డబ్బయితే ఎంత? కాకపోతే ఇంత పోసి ఎందుకు కొన్నావు?" ఇన్నేళ్లుగా సేకరిస్తున్నాను, దీనికి మాత్రం నోట మాట రాలేదు.

ఫోన్‌లో 2017 చట్టం తీసి చూపించాను. 2016లో రద్దయిన నోట్లు మామూలు మనిషి దగ్గర 10 వరకే ఉండొచ్చు. అధ్యయనం, పరిశోధన, న్యూమిస్మాటిక్స్ (అంటే నాణేలు, నోట్ల సేకరణ) కోసమైతే 25 దాకా. మించితే పదివేలు గానీ ముఖవిలువకి అయిదు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అంత దాకా జరిమానా. మళ్లీ లెక్క. ఒకసారి 21, ఒకసారి 24. చివరికి 22 దగ్గర ఆగింది. "సేకరణ అని నువ్వంటే సరిపోతుందా? కార్డేదీ?" కార్డు చూపించమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. అయినా చెబుతున్నా, ఏదో ఒక సంఘంలో చేరి సభ్యత్వ కార్డు జేబులో పెట్టుకోండి. ఎండలో నిలబడి చట్టం చదివి వినిపించేకంటే అదే సుఖం. అమ్మినవాళ్ల చేత నోట్ల జాబితా రాయించి సంతకం కూడా పెట్టించుకోండి.

పొద్దువాలాక డిప్యూటీ తహసీల్దారు గారొచ్చారు. నేను డబ్బు పంపిన మెసేజ్ చూసి, మాస్టారికి ఫోన్ చేసి, అయిదు నిమిషాల్లో వదిలేశారు. మర్యాదస్తులే. అయితే పక్కకి తీసుకెళ్లి, "మా ఇంట్లో ట్రాక్టర్ బొమ్మ అయిదు రూపాయల నోటుందండీ, లక్షలిస్తారట కదా?" అన్నారు. ఎవరూ ఇవ్వరండీ, కమిషన్, ట్యాక్సు అంటూ ముందే గుంజుతారు, రిజర్వ్ బ్యాంకే 2021లో జనాన్ని హెచ్చరించింది అని చెప్పాను. చౌకగా కొట్టేయడానికి అబద్ధం చెబుతున్నానన్నట్టు చూశారు. నోటుకి లక్షలొస్తాయని వీడియోలు పెట్టేవాళ్లని ముందు పట్టుకోవాలి, మమ్మల్ని కాదు.

ఉమ్మి మరకలు పడ్డవి 2016లో రద్దయిన వెయ్యి నోట్లే, అవి ఎక్కడైనా దొరుకుతాయి. పొద్దున లిఫ్టులో సెక్రటరీ గారు గొంతు తగ్గించి అడిగారు: "వదలడానికి ఎంత సమర్పించుకున్నారేంటి?"