ఒడ్డుకు రావచ్చునా?

ఉత్తర అమెరికా వాయవ్య తీరంలోని ఆదివాసీల ఆచారం ప్రకారం, పరాయి ఊరికి పడవలో వెళ్లినవారు నేరుగా ఒడ్డు దిగకూడదు. తెడ్లను నిటారుగా పైకెత్తి నీటిమీదే ఆగి, తామెవరో, ఎక్కడినుంచి వస్తున్నారో చెప్పి, దిగడానికి అనుమతి కోరాలి. 2023 జులై చివర మకల్‌షూట్ జాతి ఆతిథ్యమిచ్చిన పడవ యాత్ర సియాటిల్‌లోని ఆల్కై తీరానికి చేరినప్పుడు ఇది కళ్లారా చూశాను. ఒక పడవ తరఫున పదిహేనేళ్లయినా నిండని అమ్మాయి లేచి నిలబడి, తన భాషలో మొదటి వాక్యం దగ్గరే తడబడితే, వెనక కూర్చున్న పెద్దావిడ మాట అందించింది.

ఇది పర్యాటకుల కోసం కట్టిన వేషం కాదు. పడవ, కథ, చెక్కడం అక్కడ వేరువేరు కళలుగా ఎన్నడూ లేవు. అవన్నీ కలిసేది పాట్లాచ్ అనే విందులో. వంశానికి చెందిన కథను ముసుగులు ధరించి ఆడిపాడి చూపుతారు, అతిథులు అందుకు సాక్షులు, ఆతిథేయి ఇచ్చే కానుకలు ఆ సాక్ష్యానికి ప్రతిఫలం. ఒక కథను చెప్పే హక్కు కూడా ఆ కుటుంబానిదే. కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 వరకు ఈ విందును చట్టంతో నిషేధించింది. 1921లో విలేజ్ ఐలాండ్‌లో ఆదివాసీ పెద్ద డాన్ క్రాన్మర్ జరిపిన పాట్లాచ్ తరవాత పలువురిని జైలుకు పంపి, ముసుగులను స్వాధీనం చేసుకొని మ్యూజియాలకు చేర్చారు. వాటిలో కొన్నింటిని తిరిగి రప్పించుకొని అలర్ట్ బే అనే ఊరి ఆదివాసీలు 1980లో ఉమిస్తా సాంస్కృతిక కేంద్రాన్ని తెరిచారు. అద్దాల వెనక భద్రంగా ఉన్నంత మాత్రాన ముసుగు బతికి ఉన్నట్టు కాదన్న వారి వాదనే నాకు సబబుగా తోస్తుంది.

పడవ సంప్రదాయం మళ్లీ ప్రాణం పోసుకోవడానికి కొందరి పట్టుదల కారణం. హైదా జాతి శిల్పి బిల్ రీడ్ ఆధ్వర్యంలో 1986 వాంకూవర్ ప్రపంచ ప్రదర్శన కోసం ఒకే సీడర్ మానునుంచి సుమారు 15 మీటర్ల లూ టాస్ అనే దోనె తయారైంది. ఈ పనిలో కష్టమంతా పడవ గోడ మందం దగ్గరే ఉంటుంది. బయటినుంచి కొలత ప్రకారం చిన్న చీలలు దిగగొట్టి, లోపలినుంచి బాడిసతో చెక్కుతూ పోయి, చీల మొన కనబడగానే ఆగుతారు. ఆ పైన దోనెలో నీళ్లు నింపి, ఎర్రగా కాల్చిన రాళ్లు వేసి మరిగిస్తే చెక్క మెత్తబడి పక్కలు విచ్చుకుంటాయి. అడ్డకర్రలు బిగించి ఆ వెడల్పును నిలుపుతారు. 1989లో, వాషింగ్టన్ రాష్ట్రానికి నూరేళ్లు నిండిన సందర్భంలో, క్వినాల్ట్ జాతి పెద్ద ఎమెట్ ఆలివర్ సియాటిల్‌కు పడవ యాత్ర ఏర్పాటు చేశారు. అక్కడికి తెడ్డు వేసుకుంటూ వచ్చిన హైల్ట్సుక్ జాతి బృందం తరఫున ఫ్రాంక్ బ్రౌన్ అందరినీ తమ ఊరు బెల్లా బెల్లాకు పిలిచారు. 1993లో ఆ యాత్ర జరిగింది, ఆ తరవాత ఇది వేసవి సంప్రదాయంగా మారింది.

ఆల్కైలో ఫైబర్‌గ్లాస్ పడవలూ కనిపించాయి. ఇది అసలుది కాదని పెదవి విరిచేవారితో నేను ఏకీభవించను. దోనెకు పనికివచ్చే మాను పెరగడానికి కొన్ని వందల ఏళ్లు కావాలి. అలాంటి చెట్లను కలప వ్యాపారం ఏనాడో చాలామటుకు నరికేసింది. హైదా గ్వాయి దీవుల్లో మాత్రం, మిగిలిన భారీ సీడర్లను కలప కోతనుంచి తప్పించి దోనెలకూ స్తంభాలకూ అట్టేపెట్టే నిబంధనలు ఇప్పుడు అమలులో ఉన్నాయి.