పాత బస్సుకి అమ్ముడైన పిచ్చర్
నిన్న రాత్రి నిద్ర పట్టక, కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) గాయకుడు చార్లీ ప్రైడ్ పాత ఇంటర్వ్యూలు చూస్తూ కూర్చున్నా. డల్లాస్‌లో ఇన్నేళ్లుగా ఉంటూ, ఇదే ఊళ్లో బతికిన మనిషి గురించి ఇంత ఆలస్యంగా తెలుసుకోవడం సిగ్గుగానే ఉంది.

1934లో మిసిసిపీలోని స్లెడ్జ్‌లో, కౌలు రైతు ఇంట్లో పుట్టాడు. పదకొండు మంది పిల్లలు. చిన్నప్పుడు పత్తి ఏరాడు. మా అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి. పత్తి కాయ ముల్లు గీరితే ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆయన కల మాత్రం బేస్‌బాల్. నల్లజాతి ఆటగాళ్లకి విడిగా ఉన్న నీగ్రో లీగ్స్‌లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. ఒకసారి టీమ్‌కి ఓ పాత బస్సు కావాల్సొచ్చి, బదులుగా ఈయన్నీ ఇంకో ఆటగాణ్ణీ వేరే టీమ్‌కి ఇచ్చేశారట! ముసలితనంలో కూడా ఆ సంగతి నవ్వుతూనే చెప్పుకునేవాడు. నాకైతే నవ్వు రాలేదు.

తర్వాత మోంటానాలో లోహం కరిగించే ఫ్యాక్టరీలో పని. అక్కడి టీమ్‌కి ఆడుతూ, మ్యాచ్ ముందు పాట పాడితే విడిగా డబ్బులు. పాటలకి అదే దారైంది. మొదటి రికార్డుల్ని రేడియో వాళ్లకి ఫొటో లేకుండా పంపారు, నల్లజాతివాడని తెలిస్తే వెయ్యరేమోనని. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' ఆయనే.

చివరికి టెక్సాస్ రేంజర్స్‌ బేస్‌బాల్ టీమ్‌లో చిన్న వాటా కొన్నాడు. 2020 డిసెంబర్‌లో కోవిడ్‌తో పోయాడు.

పొద్దున అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. "పాడతాడు సరే, పత్తి ఎన్ని కిలోలు ఏరేవాడట?" అంది.