మా మేనల్లుడి సదరం సర్టిఫికెట్, ఉద్యోగం – నా అనుభవం

మా మేనల్లుడికి పుట్టుకతోనే వినపడదు. ఉండేది ఎమ్మిగనూరులో. బధిరుల స్కూల్లో పది, ఆ తర్వాత ఇంటర్ పాసై డీటీపీ నేర్చుకున్నాడు. మేనమామనని కాదుగానీ, టైపింగులో వాడి స్పీడు అందుకునే పిల్లోణ్ణి నేనింకా చూడలేదు.

ఉద్యోగం అనగానే ఎవరైనా మొదట అడిగేది సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు పరీక్ష చేసి ఇచ్చేది. చిన్నప్పుడిచ్చిన దానికి గడువు అయిపోయింది. సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకుని ఆస్పత్రికి పోయినాం. ఏ ఆస్పత్రో ఎందుకులే.

చెవి పరీక్ష గది ముందు వరండాలో కూర్చున్నవాళ్లలో సగం మందికి పైగా వినపడనివాళ్లే. అటెండరు తలుపు సందులోంచి తల బయటపెట్టి పేర్లు కేకేస్తాడు! టోకెన్ లేదు, బోర్డు లేదు. ఆధార్ జిరాక్సు ఇంకోటి తెమ్మని నన్ను వాళ్లే కిందికి పంపి, ఆ కాసేపట్లోనే మావాడి పేరు పిలిచేసి, రాలేదని ఆబ్సెంట్ వేసేశారు. ఇదేందని అడిగితే ఆయన నా మొహం కూడా చూడకుండా వాడి మీదికి పోయి, "ఎన్ని తూర్లు పిలవాలప్పా? చెవుడా ఏంది నీకు?" అన్నాడు. బెంచీ మీద ఇద్దరు ముగ్గురు నవ్వినారు కూడా. ఏమన్నాడని మావాడు సైగ చేసి అడిగితే, జిరాక్సు గురించిలే అని చెప్పినా. ఎంత అరిచినా లాభం లేదు, మళ్లీ స్లాట్ పెట్టుకోమన్నారు. స్లాట్లేమో అంత సులభంగా దొరకవు.

రెండోసారి తలుపు దగ్గర నుంచి కదిలితే ఒట్టు. డాక్టరమ్మ మాత్రం మంచిది, మాస్కు కిందికి దించి పెదాలు కనపడేలా మాట్లాడింది. మీరు పోతే ఇద్దరు తోడు పోండి, "ఇతనికి వినపడదు, చెయ్యి ఊపి పిలవండి" అని రాసిన కాగితం అటెండరు చేతిలో పెట్టండి. సర్టిఫికెట్ మీద పర్మనెంట్ అని ఉందో టెంపరరీ అని ఉందో, పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్, అందులో వినికిడి లోపం ఉన్నవాళ్లకు 1 శాతం. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉందని ఆ సర్టిఫికెట్ చెప్తేనే అది వర్తించేది.

జాబ్ మేళాల మీద నాకు నమ్మకం పోయింది. వినపడని పిల్లోడి రెజ్యూమే తీసుకుని "ఫోన్ చేస్తాం" అన్నారు.

ఉద్యోగం చివరికి కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్సులో దొరికింది. ఓనరు పరీక్షగా ఒక పెళ్లి పత్రిక టైప్ చేయమని ఇస్తే, పార్టీవాళ్లు రాసిచ్చిన తేదీకీ వారానికీ పొంతన లేదని మావాడు పెన్నుతో సున్నా చుట్టి చూపించాడు. రేపటి నుంచే రమ్మన్నాడాయన. పనులన్నీ వాట్సాప్‌లో పెడతాడు, ఇబ్బందేం లేదు.

నెలకు 6000 పింఛను వస్తుంటే మళ్లీ పనెందుకంట అని మా బంధువులు కొందరు అడుగుతున్నారు. వాళ్ల కొడుకులకు చెవులు బ్రహ్మాండంగా వినపడతాయి, పనికి పొమ్మంటే మాత్రం వినపడదు.