కోడి కండలో చారలు: మైక్రోస్కోప్ పని ఎక్కడిదాకా వచ్చింది

ఉల్లిపొర, చెరువు నీళ్లు చూడటం అయ్యాక నా మైక్రోస్కోప్ ఇప్పుడు పూర్తిగా కండరాల మీదే ఉంది. ఇంట్లో మైక్రోస్కోప్ ఉన్నవాళ్లెవరైనా చేసుకోగల పని ఇది. 40 ఎక్స్ లెన్సు చాలు, ఆయిల్ లెన్సు అక్కర్లేదు.

ఈ పనికి మన ఊళ్లలో ఉన్న సౌకర్యం అన్నిచోట్లా దొరకదు. చికెన్ షాపులో కోడిని మన కళ్లముందే కోస్తారు. అప్పుడే కోసిన ముక్కలో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ ఇంకా మిగిలే ఉంటుంది. ఉప్పు చల్లితే ముక్క అదరడం వంట చేసేవాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఉప్పులోని సోడియం కండ తంతువు (ఒక్కో కండర కణం) పైపొరను రేపుతుంది. దాంతో లోపలి సంచుల్లో దాచి ఉన్న కాల్షియం బయటికొచ్చి ఒక ప్రోటీన్ అయిన ట్రోపోనిన్‌కు అంటుకుంటుంది, యాక్టిన్ అనే ప్రోటీన్ సన్నటి పోగు మీదున్న అడ్డు పక్కకు జరుగుతుంది. ఇక పక్కనున్న లావుపాటి పోగులోని మయోసిన్ అనే ప్రోటీన్ తలలు యాక్టిన్‌ను పట్టుకుని, బావిలో చేద తోడేటప్పుడు చేయి మార్చి చేయి తాడు లాగినట్టు లాగుతాయి. ఒక్కో లాగుకు జరిగేది కొన్ని నానోమీటర్లే. పట్టు వదలాలంటే మాత్రం ప్రతిసారీ కొత్త ఏటీపీ అణువు వచ్చి తలకు అంటుకోవాలి. అది అయిపోయిందా, పట్టు పట్టినట్టే ఉండిపోతుంది. ప్రాణం పోయిన కాసేపటికి కండ బిగుసుకుపోయేది అందుకే.

ఆ బిగుసుకోకముందే కండను సాగదీసి కట్టేస్తే? నేను చేసింది ఇదే. దారం, ఐస్‌క్రీమ్ పుల్ల షాపుకే తీసుకెళ్లాను. బ్రెస్ట్ ముక్కలోంచి నార వెంబడి అగ్గిపుల్లంత సన్నగా రెండు చీలికలు కోయించాను. "ఇంత సన్నగా ఏం వండుతారండీ?" అని షాపతను అడిగితే సంగతి చెప్పాను. అప్పట్నుంచీ నేను వెళ్తే మొదట నాకే కోసిపెడుతున్నాడు. ఒక చీలికను కాస్త సాగదీసి రెండు చివర్లూ పుల్లకు కట్టాను, రెండోదాన్ని వదులుగా వదిలేశాను. రెండూ మూత డబ్బాలో పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను.

మర్నాడు రెండింట్లోంచీ బియ్యపు గింజలో సగమంత ముక్కలు తీసి అరగంట సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టాలి. తర్వాత స్లైడు మీద 0.9 శాతం ఉప్పునీటి చుక్కలో పెట్టి రెండు కుట్టుసూదులతో విడదీయాలి. ఓపికంతా ఇక్కడే కావాలి. సూది ఎప్పుడూ నార వెంబడే నడవాలి, అడ్డంగా లాగితే తంతువులు ముక్కలైపోతాయి. తంతువులు ఒక్క వరసగా పరుచుకున్నాక కవర్ స్లిప్ వేసి, స్లైడు కిందుండి వెలుతురును దాని మీదికి చేర్చే కండెన్సర్ కింది రంధ్రాన్ని దాదాపు మూసేయండి. చారలు తేలేది అప్పుడే. రంగు కావాలంటే చేపల తొట్లు అమ్మే కొట్లో దొరికే మిథిలీన్ బ్లూ ఒక్క చుక్క చాలు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది పాత కాలిక్యులేటర్ డిస్‌ప్లే పైనుంచి ఒలిచిన పోలరైజర్ ఫిల్మ్ (ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే పోనిచ్చే పొర). రెండుగా కత్తిరించి ఒకటి స్లైడు కింద, ఇంకోటి ఐపీస్ మీద పెట్టి, వెలుతురు ఆరిపోయేదాకా పైదాన్ని తిప్పాలి. ఆ చీకట్లో తంతువును ఏటవాలుగా తిప్పితే మయోసిన్ ఉన్న ‘ఎ’ (A) పట్టీలు తెల్లగా వెలుగుతాయి, యాక్టిన్ ఒక్కటే ఉన్న ‘ఐ’ (I) పట్టీలు నల్లగా ఉండిపోతాయి.

చారల్ని ఒక్కొక్కటిగా కొలవొద్దు. పది చారల జతల (ఒక తెల్లదీ ఒక నల్లదీ కలిపి ఒక జత) పొడవు ఐపీస్ స్కేలు మీద కొలిచి పదితో భాగించండి. వదులుగా ఉంచిన ముక్కలో ఒక సార్కోమియర్, అంటే ఒక జత, సుమారు 1.9 మైక్రోమీటర్లు వచ్చింది, కట్టిన ముక్కలో సుమారు 2.4. తెల్ల పట్టీ మాత్రం రెండింట్లోనూ నా కంటికి ఒకే వెడల్పు. తేడా అంతా నల్ల పట్టీలోనే: ఒకచోట సన్నటి గీత, ఇంకోచోట స్పష్టమైన ఖాళీ. అంటే పోగులు పొట్టివి కావడం లేదు, ఒకదాని పక్కగా ఇంకొకటి జారుతున్నాయి. 1954 మేలో శాస్త్రవేత్తలు ఆండ్రూ హక్స్‌లీ, నీడర్గెర్క్ ఒక వ్యాసంలో, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరో వ్యాసంలో నేచర్ పత్రిక ఒకే సంచికలో చెప్పింది ఇదే. మా వంటింటి బల్ల మీద అది కనిపించినప్పుడు లేచి ఇంట్లోవాళ్లందర్నీ పిలిచాను.

ఇప్పుడు తంతువుల రకాల మీద పడ్డాను. కోడి బ్రెస్ట్ దాదాపు అంతా తెల్లటి వేగపు తంతువులే. కోడి ఎగిరేది ఏ కుక్కో తరిమినప్పుడు, అదీ రెండు క్షణాలు. నిల్వ ఉన్న పిండిపదార్థం గ్లైకోజన్‌ను ఆక్సిజన్ కోసం ఆగకుండా వాడేసి త్వరగా అలసిపోయే కండకు ఆ పని సరిపోతుంది. రోజంతా నిలబడి గీరుకుని తినే కాళ్లలో నెమ్మది తంతువులు కలిసి ఉంటాయి కాబట్టి ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ఎర్రటి మయోగ్లోబిన్, కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఎక్కువ, అందుకే లెగ్ పీస్ ముదురు రంగు. వయసు పెరిగేకొద్దీ మయోగ్లోబిన్ పెరుగుతుంది, నెలల తరబడి తిరిగిన నాటుకోడి కాలు బ్రాయిలర్ కాలికన్నా నల్లగా ఉండటానికి అదొక కారణం.

ఈ తేడా బాగా చూడాలంటే చేప తెచ్చుకోండి. బొచ్చె ముక్కను అడ్డంగా కోస్తే పక్కగీత దగ్గర చర్మం కింద ఎర్రటి పట్టీ కనిపిస్తుంది. నెమ్మదిగా ఈదేటప్పుడు పనిచేసేది అదే, మిగతా తెల్ల కండ విసురుగా దూకాల్సి వచ్చినప్పుడు. స్లైడు మీద ఎర్ర తంతువులు తెల్లవాటికన్నా బాగా సన్నగా ఉన్నాయి. ఆక్సిజన్ నడిమధ్య దాకా చేరాలి కదా. మన పిక్కలోనూ ఇలాంటి పంపకమే ఉంది: లోపలి సోలియస్‌లో ఎక్కువ భాగం నెమ్మది తంతువులు, గంటలకొద్దీ నిలబెట్టేది అది. పైనున్న గ్యాస్ట్రోక్నీమియస్‌లో రెండు రకాలూ ఉంటాయి, గెంతడానికి దాని సాయం కావాలి.

తర్వాతి పని మొదలైంది. పుల్లలకు కట్టిన కొత్త చీలికలు సగం గ్లిజరిన్, సగం నీళ్లున్న సీసాలో, ఫ్రీజర్‌లో ఉన్నాయి. గ్లిజరిన్ మెడికల్ షాపుదే. కొన్ని వారాల్లో పైపొర దెబ్బతిని, లాగే యంత్రం మాత్రం మిగులుతుంది. 1940ల్లో హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి చూపించినట్టు అలాంటి తంతువు మీద ఏటీపీ చుక్క వేస్తే అది మళ్లీ ముడుచుకోవాలి. ఏటీపీ పొడి, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కొనాల్సి ఉంది. ఏటీపీని కలిపిన వెంటనే వాడేయాలి కాబట్టి, తంతువులు సిద్ధమయ్యాకే ఆర్డర్ పెడతాను.