క్యాంపస్ నెట్ రావట్లేదా? సాఫ్ట్‌వేర్ తీసేసే ముందు ఐపీ చూడండి

ల్యాబ్ సిస్టమ్‌లో గానీ హాస్టల్ రూమ్‌లో ల్యాప్‌టాప్‌లో గానీ నెట్ ఆగిపోతే చాలామంది మొదట లాగిన్ క్లయింట్‌ని (క్యాంపస్ నెట్‌లోకి లాగిన్ చేసే సాఫ్ట్‌వేర్‌ని) అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేస్తారు. దాంతో పని కాకపోతే విండోస్‌లో ‘నెట్‌వర్క్ రీసెట్’ నొక్కుతారు. దయచేసి ఈ రెండూ చివరికి ఉంచండి. రీసెట్ చేస్తే వైఫై, కేబుల్ అడాప్టర్లన్నీ తీసేసి కొత్తగా వేస్తుంది, వీపీఎన్ క్లయింట్ల సెట్టింగులూ పోతాయి. అసలు ఎక్కడ ఆగిందో చెప్పే ఆధారాలు కూడా వాటితోనే పోతాయి.

క్యాంపస్ నెట్ ఇంటి రౌటర్ లాంటిది కాదు. ముందు కేబుల్ లేదా వైఫై లింక్ కలవాలి. తర్వాత స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) లేదా యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) 802.1ఎక్స్ పద్ధతిలో మీరెవరో రేడియస్ సర్వర్‌ని, అంటే లాగిన్‌లు సరిచూసే సర్వర్‌ని, అడిగి తెలుసుకోవాలి. దీన్నే ఆథెంటికేషన్ అంటారు. ఆపైన అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ మీ సిస్టమ్‌కి ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) ఇవ్వాలి. చాలా కాలేజీల్లో ఇదంతా అయ్యాక ఫైర్‌వాల్ (నెట్ రాకపోకలకు కాపలా కాసే పరికరం) చూపించే లాగిన్ పేజీ, అంటే పోర్టల్, కూడా ఉంటుంది. తెరమీద కనిపించే ఎర్రర్ ఎక్కువగా చివరి మెట్టు గురించి మాట్లాడుతుంది, తప్పు మాత్రం అంతకుముందే జరిగి ఉంటుంది.

అందుకని కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ (ipconfig /all) కొట్టండి. మీరు వాడుతున్న అడాప్టర్ కింద ‘మీడియా డిస్కనెక్టెడ్’ అని వస్తే కేబుల్, పోర్ట్ చూసుకోండి, ఇంకేమీ ముట్టుకోవద్దు. 169.254తో మొదలయ్యే ఐపీ వచ్చిందంటే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని, విండోస్ తనకు తానే ఓ అడ్రస్ పెట్టుకుందని అర్థం. మామూలు క్యాంపస్ ఐపీ ఉండి కూడా పేజీలు రాకపోతే గొడవ పోర్టల్ దగ్గరో డీఎన్ఎస్ (సైట్ పేరును ఐపీగా మార్చే సర్వీస్) దగ్గరో ఉంది.

169.254 కనిపించగానే ‘డీహెచ్‌సీపీ సర్వర్ పడిపోయింది’ అని హెల్ప్‌డెస్క్‌కి టికెట్ (ఫిర్యాదు) పెట్టేస్తారు. పక్క సిస్టమ్‌లో నెట్ వస్తుంటే ఎక్కువగా సర్వర్ బాగానే ఉన్నట్టు. 802.1ఎక్స్ పెట్టిన పోర్ట్‌లో మీరు ఆథెంటికేట్ అయ్యేదాకా స్విచ్ ఆ ఆథెంటికేషన్ ఫ్రేములు తప్ప ఇంకేదీ లోపలికి పోనివ్వదు, డీహెచ్‌సీపీ అభ్యర్థన కూడా అక్కడే ఆగిపోతుంది. వైర్డ్ సిస్టమ్‌లలో దీనికి మామూలు కారణం ‘వైర్డ్ ఆటోకాన్ఫిగ్’ సర్వీస్ నడవకపోవడం. విండోస్‌లో అది మొదట్నుంచీ ‘మాన్యువల్’లో ఉంటుంది. సర్వీసెస్ తెరిచి దాన్ని ‘ఆటోమేటిక్’ చేసి స్టార్ట్ చేయండి. అప్పుడు గానీ ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో ‘ఆథెంటికేషన్’ ట్యాబ్ కనిపించదు. ఆ ట్యాబ్ లేదని డ్రైవర్లు మార్చేవాళ్లున్నారు, అనవసరం.

కొన్నిచోట్ల ఆథెంటికేట్ కాని సిస్టమ్‌ని స్విచ్ గెస్ట్ వీల్యాన్‌లో (అతిథుల కోసం విడిగా ఉంచిన నెట్‌వర్క్ భాగంలో) పడేస్తుంది. అప్పుడు ఐపీ వస్తుంది గానీ వేరే రేంజిలో వస్తుంది. పక్క సిస్టమ్ ఐపీతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. లాగిన్ అయ్యాక కూడా పాత రేంజి ఐపీనే పట్టుకుని కూర్చుంటే ‘రిలీజ్’, ‘రెన్యూ’ (ipconfig /release, ipconfig /renew) చేస్తే చాలు. కేబుల్ పెట్టిన అరనిమిషానికి గానీ ఐపీ రాకపోతే అది స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (కేబుళ్లు చుట్టుతిరిగి లూప్ పడకుండా పోర్ట్‌ని ముందు పరీక్షించే పద్ధతి) సంగతి: లిజనింగ్‌కి 15 సెకన్లు, లెర్నింగ్‌కి 15 సెకన్లు పోతాయి. సిస్టమ్‌లు తగిలించే పోర్టులకు ఆ ఆలస్యం లేకుండా చేసే ‘పోర్ట్‌ఫాస్ట్’ సెట్టింగ్ పెట్టమని అడ్మిన్‌ని అడగండి. స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య ఉన్న పోర్టులకు మాత్రం పెట్టకూడదు, లూప్ పడితే బిల్డింగ్ అంతా ఆగిపోతుంది.

సెలవుల తర్వాత ల్యాబ్ తెరిచిన రోజు వచ్చే గొడవ వేరు. సాయంత్రం కరెంట్ మెయిన్ స్విచ్ కట్టేసే ల్యాబుల్లో మదర్‌బోర్డ్ మీద సీఆర్2032 బ్యాటరీ త్వరగా అయిపోతుంది. తేదీ ఏ పాత సంవత్సరానికో వెళ్లిపోతుంది. రేడియస్ సర్వర్ సర్టిఫికెట్ (అది అసలు సర్వరేనని చూపే డిజిటల్ పత్రం) ఆ తేదీకి ఇంకా చెల్లుబాటులోకి రానట్టు లెక్క, కాబట్టి సిస్టమ్ దాన్ని నమ్మదు. టైమ్ సర్వర్ నుంచి సరిచేసుకుందామంటే నెట్ లేదు. చేత్తో తేదీ దిద్ది లాగిన్ అవ్వండి, తర్వాత బ్యాటరీ మార్చండి. కొత్త బ్యాటరీ 3 వోల్టులు చూపిస్తుంది. మల్టీమీటర్‌లో 2.7 కిందకు వస్తే ఇక ఆలోచించకుండా మార్చేయడమే.

ల్యాబ్ అడ్మిన్‌లను బాగా ఏడిపించేది ఇంకోటి ఉంది. రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి తెచ్చే డీప్‌ఫ్రీజ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉన్న డొమైన్ సిస్టమ్‌లలో (కాలేజీ విండోస్ సర్వర్ అదుపులో ఉండేవాటిలో) కొన్ని వారాలు అంతా బాగుంటుంది, ఆపై ఒక్కొక్కటిగా నెట్ ఆగిపోతుంది. ప్రతి డొమైన్ కంప్యూటర్‌కీ ఓ సొంత పాస్‌వర్డ్ ఉంటుంది, విండోస్ దాన్ని మామూలుగా 30 రోజులకోసారి మార్చేస్తుంది. కొత్త పాస్‌వర్డ్ ఆ సర్వర్‌లో, అంటే డొమైన్ కంట్రోలర్‌లో, ఉండిపోతుంది, సిస్టమ్ మాత్రం రీస్టార్ట్‌తో పాత పాస్‌వర్డ్‌కి వెళ్లిపోతుంది. యూజర్‌కి ‘ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్డ్’ అని కనిపిస్తుంది, 802.1ఎక్స్‌లో మెషీన్ ఆథెంటికేషన్ కూడా దాంతోనే పోతుంది. ఫ్రీజ్ తీసేసి, నెట్ కోసం ఆథెంటికేషన్ లేని పోర్ట్‌కి తగిలించి, పవర్‌షెల్‌లో ‘టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానల్ -రిపేర్’ (Test-ComputerSecureChannel -Repair) నడిపితే డొమైన్‌లోంచి తీసి మళ్లీ చేర్చే పని తప్పుతుంది. ఇది మళ్లీ రాకుండా ఉండాలంటే గ్రూప్ పాలసీలో (డొమైన్ సిస్టమ్‌లన్నిటికీ ఒకేచోట నుంచి పెట్టే సెట్టింగుల్లో) మెషీన్ ఖాతా పాస్‌వర్డ్ మార్పును ఆపేయాలి.

ఒకే ఇమేజ్‌తో (ఒక సిస్టమ్ డిస్క్ నకలుతో) ల్యాబ్ మొత్తం క్లోన్ చేసేటప్పుడు నెట్‌వర్క్ ఏజెంట్‌ని (సిస్టమ్ ఏదో సర్వర్‌కి చెప్పే సాఫ్ట్‌వేర్‌ని) ఇమేజ్‌లో కలపకండి. ఏజెంట్ గుర్తింపు సంఖ్య అన్నిట్లో ఒకటే అయిపోతే సర్వర్ వాటిని ఒకే సిస్టమ్ అనుకుంటుంది. ఒకటి లోపలికి వస్తే ఇంకోటి బయటకు పోతుంది.

ఇక పోర్టల్. ఐపీ బాగుంది, లాగిన్ పేజీ మాత్రం రాదు. ఫైర్‌వాల్ మామూలు హెచ్‌టీటీపీ పేజీని మాత్రమే పట్టుకుని తన పేజీ చూపించగలదు. మీరు కొట్టే సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ (గుప్తంగా, భద్రంగా కలిసేవి) అయ్యేసరికి బ్రౌజర్ ఆ మార్పిడిని ఒప్పుకోదు. ‘నెవర్ఎస్ఎస్ఎల్ డాట్ కామ్’ (neverssl.com) తెరవండి, లేదా పోర్టల్ అడ్రస్ నేరుగా కొట్టండి. సైబరోమ్, సోఫోస్ ఫైర్‌వాల్ వాడే కాలేజీల్లో ఆ అడ్రస్ చివర రాసే పోర్ట్ నంబర్ సాధారణంగా 8090, ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లో 1000 లేదా 1003. లాగిన్ అయ్యాక ‘కీప్‌అలైవ్’ పేజీ వస్తే ఆ ట్యాబ్ మూసేయకండి, మూస్తే కాసేపటికి నెట్ పోతుంది.

అప్పటికీ పేజీ రాకపోతే డీఎన్ఎస్ చూడండి. ఎవరో చెప్పారని 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) పెట్టుకున్నా, ఆండ్రాయిడ్‌లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ ఆన్ చేసుకున్నా లాగిన్‌కి ముందు ఫైర్‌వాల్ వాటిని ఆపేయొచ్చు, ప్రైవేట్ డీఎన్ఎస్ వెళ్లే పోర్ట్ 853 కూడా. డీఎన్ఎస్‌ని ఆటోమేటిక్‌కి మార్చండి. ‘మాక్సిమమ్ లాగిన్ లిమిట్’ అని వస్తే పాత సెషన్ ఇంకా బతికి ఉంది, రెండో ఫోన్‌లో లాగౌట్ అవ్వండి. మ్యాక్ అడ్రస్ (పరికరం నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు సంఖ్య) నమోదు చేయించుకునే క్యాంపస్‌లలో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి వచ్చిన ర్యాండమ్ మ్యాక్ (అసలు సంఖ్య బదులు ఫోన్ చూపే మారు సంఖ్య) అడ్డం తగులుతుంది. ఆ ఒక్క నెట్‌వర్క్‌కి మాత్రమే ఆఫ్ చేయండి, బయట వైఫైలకు ఉండనివ్వండి. బ్రౌజర్ పనిచేస్తూ పిప్, గిట్ లాంటి ప్రోగ్రామింగ్ టూల్స్ మాత్రం పనిచేయకపోతే సిస్టమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పాత ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) అడ్రస్ మిగిలిపోయిందేమో చూడండి.

వైఫైలో, ముఖ్యంగా ఎడ్యురోమ్‌లో (సొంత కాలేజీ లాగిన్‌తోనే వేరే కాలేజీల్లోనూ పనిచేసే వైఫైలో), యూజర్‌నేమ్ సగమే కొట్టడం పెద్ద తప్పు. @ తర్వాత కాలేజీ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో ఉండేలాంటి కాలేజీ పేరు) కూడా ఉండాలి. సొంత క్యాంపస్‌లో అది లేకపోయినా ఒక్కోసారి కలుస్తుంది, వేరేచోట కలవదు. మన దేశంలో ఎడ్యురోమ్‌ని ఎర్నెట్ (విద్యా, పరిశోధన సంస్థలకు నెట్‌వర్క్ ఇచ్చే సంస్థ) నిర్వహిస్తుంది, మీరు జర్మనీలో కాన్ఫరెన్స్‌కి వెళ్లినా అక్కడి సర్వర్ ఆ డొమైన్ చూసే మీ అభ్యర్థనను ఇక్కడికి పంపుతుంది. బయల్దేరకముందే పూర్తి పేరుతో ఓసారి లాగిన్ అయి చూసుకోండి.

హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ‘సర్టిఫికెట్ దగ్గర డోంట్ వాలిడేట్ పెట్టెయ్’ అనే సలహా వినకండి. అదే పేరుతో ఎవరైనా నకిలీ యాక్సెస్ పాయింట్ పెడితే మీ ఫోన్ దానికే లాగిన్ సమాచారం అప్పజెప్పేస్తుంది. అందులోంచి పాస్‌వర్డ్ రాబట్టడం సాధ్యమే. చాలా కాలేజీల్లో అదే పాస్‌వర్డ్ మెయిల్‌కీ వాడతారు. 2020 డిసెంబర్ అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్లలో గూగుల్ ఆ ఆప్షన్‌నే తీసేసింది. సర్టిఫికెట్‌తోపాటు ‘డొమైన్’ గడిలో రేడియస్ సర్వర్ పేరు కూడా నింపాలి. మీ కాలేజీ చేరి ఉంటే ‘గెట్‌ఎడ్యురోమ్’ యాప్ ఇదంతా తనే పెడుతుంది.

వెర్షన్ మారాక వచ్చే గొడవలు రెండు గుర్తుంచుకోండి. విండోస్ 11 22హెచ్2 నుంచి ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో క్రెడెన్షియల్ గార్డ్ (లాగిన్ వివరాలను దొంగలకు దొరక్కుండా దాచే రక్షణ) దానంతటదే ఆన్ అవుతుంది. విండోస్ లాగిన్‌తోనే పీఈఏపీ (పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) వైఫైలోకి వెళ్లే ఏర్పాటు అక్కడ పనిచేయదు, మాటిమాటికీ పాస్‌వర్డ్ అడుగుతుంది. దీనికి అసలు మందు సర్టిఫికెట్ ఆధారిత ఈఏపీ-టీఎల్ఎస్‌కి మారడం. ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 (కనెక్షన్‌ని గుప్తంగా ఉంచే సాఫ్ట్‌వేర్) వచ్చాక పాత రేడియస్ సర్వర్లతో కనెక్షన్ తెగిపోతోంది, లాగ్‌లో ‘అన్‌సేఫ్ లెగసీ రీనెగోషియేషన్ డిసేబుల్డ్’ అని ఉంటుంది. సర్దాల్సింది సర్వర్‌ని.

టికెట్ పెట్టే ముందు ఈవెంట్ వ్యూయర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్ కింద ‘డబ్ల్యూల్యాన్ ఆటోకాన్ఫిగ్’ లేదా ‘వైర్డ్ ఆటోకాన్ఫిగ్’ లాగ్ తెరవండి. వైఫైలో ఆథెంటికేషన్ విఫలమైతే 12013, వైర్‌లో అయితే 15514. అందులో ‘ఎక్స్‌ప్లిసిట్ ఈఏపీ ఫెయిల్యూర్’ అని ఉంటే సర్వర్ జవాబిచ్చి మరీ వద్దంది, అంటే పాస్‌వర్డ్, ఖాతా, పాలసీ వైపు చూడాలి. నెట్‌వర్క్ జవాబే ఇవ్వలేదని ఉంటే స్విచ్‌కీ రేడియస్‌కీ మధ్య యూడీపీ 1812 (రేడియస్ వాడే పోర్ట్ నంబర్) ఎక్కడో ఆగుతోందేమో అడ్మిన్ చూడాలి. ఆ కారణం ఉన్న వరుస, మ్యాక్ అడ్రస్, రూమ్ లేదా పోర్ట్ నంబర్, నిమిషంతో సహా సమయం, డొమైన్‌తో కలిపి యూజర్‌నేమ్ టికెట్‌లో రాయండి. వీటితో అడ్మిన్ రేడియస్ లాగ్‌లో మీ వరుసను నేరుగా పట్టుకోగలరు. పాస్‌వర్డ్ మాత్రం రాయకండి, అది వాళ్లకు అవసరం లేదు.